సామ్ జాఫీ: గంగాదీన్ వేషం కట్టిన లెక్కల మాస్టారు

బంగారు గోపురం మీదికి ఒక మనిషి పాకుతూ ఎక్కుతున్నాడు. ఒంటి మీద గోచీ తప్ప మరేమీ లేదు. అప్పటికే బయొనెట్ పోటు తగిలి నెత్తురోడుతున్నాడు. దూరాన లోయలో బ్రిటిష్ పటాలం వస్తోంది. ముందు శత్రువులు మాటు వేశారన్న సంగతి ఆ సైనికులకు తెలియదు. అతడు ఎలాగో పైకి చేరుకుని బ్యూగిల్ పెదవులకు ఆనించి ఊదుతాడు. తుపాకీ గుళ్లు తగిలి ఒరిగిపోయేదాకా ఊదుతూనే ఉంటాడు.

1939లో విడుదలైన ‘గంగాదీన్’ చిత్రంలోని పతాక సన్నివేశమిది. పటాలానికి తోలుతిత్తితో నీళ్లు మోసే భిస్తీ పాత్రలో అక్కడ కనిపించేది భారతీయుడు కాదు. న్యూయార్క్‌లో పుట్టిన ఒక యూదు నటుడు. అప్పటికి ఆయన వయసు 47. నటనను వృత్తిగా స్వీకరించక ముందు లెక్కల పాఠాలు చెప్పేవారు. పేరు సామ్ జాఫీ.

ఆ పాత్ర చూసి అమెరికన్ ప్రేక్షకులు కంటతడి పెట్టారు. బొంబాయి, బెంగాల్ ప్రాంతాల్లో ఆ చిత్రాన్ని నిషేధించారు. ఆ తర్వాత 11 ఏళ్లకు జాఫీ ఆస్కార్ తుదిపోటీ దాకా వెళ్లారు. వెనువెంటనే హాలీవుడ్ తలుపులు ఆయనకు మూసుకుపోయాయి. 70 ఏళ్ల వయసులో టెలివిజన్ ఆయనను ఇంటింటికీ తెలిసిన మనిషిని చేసింది. ఇన్నేళ్లలో ఆయన కథానాయకుడిగా వెలిగింది లేదు. చిన్న పాత్రలతోనే ఒక జీవితకాలం నిలబడిన నటుడి కథ ఇది.

నాటకాల ఇల్లు, లెక్కల తరగతి

జాఫీ 1891 మార్చి 10న న్యూయార్క్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు ఉక్రెయిన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రిది నగల వ్యాపారం. తల్లి నటి. తూర్పు ఐరోపా యూదులు వేల సంఖ్యలో వచ్చి స్థిరపడిన ఆ నగరంలో వారి మాతృభాష యిడ్డిష్‌లో నాటకాలు విరివిగా ఆడేవారు. పగలంతా కుట్టుపని చేసి అలసిన కార్మికులు సాయంత్రం టికెట్టు కొని ఆ నాటకాలు చూసేవారు. బాలుడైన జాఫీ తల్లితో పాటు ఆ వేదికలెక్కి తొలి పాఠాలు నేర్చుకున్నారు.

అయితే ఆయన నేరుగా నటుడు కాలేదు. న్యూయార్క్ సిటీ కాలేజీలో 1912లో పట్టభద్రుడయ్యారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివారు. అనంతరం బ్రాంక్స్ ప్రాంతంలోని ఒక విద్యాసంస్థలో గణితం బోధించారు. వలస కుటుంబాల పిల్లలకు చదువే నిచ్చెన అయిన కాలంలో అది గౌరవప్రదమైన, నిలకడైన ఉద్యోగం.

ఆ నిలకడను వదులుకుని 1915లో వాషింగ్టన్ స్క్వేర్ ప్లేయర్స్ అనే నాటక బృందంలో చేరారు. వ్యాపార నాటకశాలలు పట్టించుకోని కొత్త రచనలను, ఐరోపా నాటకాలను తక్కువ ఖర్చుతో ప్రదర్శించే ఔత్సాహికుల కూటమి అది. అమెరికా ఆధునిక రంగస్థలానికి పునాది వేసిన బృందాల్లో ఒకటిగా దానికి చరిత్రలో స్థానముంది. 24 ఏళ్ల లెక్కల మాస్టారు అలా నటుడయ్యారు.

ఒక నాటకం, ఒక కేసు

1922 డిసెంబరులో షోలెం ఆష్ రాసిన ‘గాడ్ ఆఫ్ వెంజెన్స్’ నాటకం ఆంగ్లంలో న్యూయార్క్ వేదిక మీదికి వచ్చింది. వేశ్యాగృహం నడుపుతూ తన కూతురిని మాత్రం పవిత్రంగా పెంచాలనుకునే ఒక తండ్రి కథ అది. ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను చూపించినందుకు ఆ నాటకంపై తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి. 1923లో నిర్మాతతో పాటు తారాగణం మొత్తంపై అశ్లీలత నేరం మోపారు. న్యాయస్థానం వారిని దోషులుగా తేల్చింది. పైకోర్టులో ఆ తీర్పు తర్వాత చెల్లకుండా పోయింది. నేరారోపణకు గురైన ఆ బృందంలో జాఫీ కూడా ఉన్నారు. నటన కారణంగా సంఘం ముందు దోషిగా నిలబడటం ఆయనకు అదే మొదటిసారి. అదే చివరిసారి కాలేదు.

1925లో ‘ది జాజ్ సింగర్’ నాటకంలో యూడెల్సన్ పాత్ర ధరించారు. ఆ నాటకమే రెండేళ్లకు హాలీవుడ్‌లో మాటలు, పాటలు వినిపించిన చిత్రంగా చరిత్రకెక్కింది. అందులో మాత్రం జాఫీకి చోటు దక్కలేదు.

1930లో ‘గ్రాండ్ హోటల్’ నాటకం ఆయనను బ్రాడ్‌వేలో ప్రముఖుడిని చేసింది. ఆయన ధరించిన క్రింగెలైన్ పాత్ర ఒక గుమాస్తాది. ఇక ఎంతోకాలం బతకనని తెలుసుకున్న ఆ గుమాస్తా, జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో బెర్లిన్‌లోని అతి ఖరీదైన హోటల్‌లో దిగుతాడు. ధనవంతులు ఎలా బతుకుతారో ఒక్కసారి చూసి పోవాలన్నది అతడి కోరిక. హాస్యానికీ కన్నీటికీ నడుమ సన్నని గీత మీద నడవాల్సిన పాత్ర. నాటకం 400లకు పైగా ప్రదర్శనలు పూర్తి చేసుకుంది. 1932లో దాన్ని సినిమాగా తీసినప్పుడు ఆ పాత్ర అప్పటికే తారగా పేరున్న లయొనెల్ బారీమోర్‌కు వెళ్లింది. వేదిక మీద పాత్రకు ప్రాణం పోసిన నటుడిని తెర పక్కన పెట్టడం ఆ రోజుల్లో మామూలే.

రెండు శతాబ్దాల వయసున్న లామా

హాలీవుడ్‌లో జాఫీకి తొలి ముఖ్యమైన అవకాశం 43 ఏళ్ల వయసులో వచ్చింది. 1934లో జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్ దర్శకత్వంలో వచ్చిన ‘ది స్కార్లెట్ ఎంప్రెస్’ రష్యా రాణి క్యాథరీన్ కథ. క్యాథరీన్‌గా మార్లీన్ డీట్రిచ్ నటించగా, మతి స్థిమితం లేని ఆమె భర్త పీటర్‌గా జాఫీ కనిపించారు. విప్పారిన కళ్లు, బొమ్మలాంటి నవ్వుతో ఆయన ఆ పాత్రను భయం గొలిపేలా చేశారు.

తర్వాత మూడేళ్లకు అందుకు పూర్తిగా విరుద్ధమైన పాత్ర దక్కింది. జేమ్స్ హిల్టన్ నవల ఆధారంగా ఫ్రాంక్ కాప్రా తీసిన ‘లాస్ట్ హొరైజన్’ (1937) హిమాలయాల ఆవల ఎక్కడో దాగిన షాంగ్రీలా అనే శాంతి లోకం కథ. ఆ లోకానికి పెద్దదిక్కు రెండు శతాబ్దాలకు పైగా జీవించిన ప్రధాన లామా. ఆ పాత్రకు మొదట వృద్ధ నటులను అనుకున్నారు. ఎంపికలు సాగుతున్న సమయంలోనే వారు మరణించడంతో నాటకరంగం నుంచి జాఫీని పిలిచారు. ఆయనకు అప్పటికి ఇంకా 50 ఏళ్లు కూడా రాలేదు. కొలంబియా సంస్థ అధిపతి హ్యారీ కోన్ ఈ ఎంపికతో తృప్తి పడలేదు. వాల్టర్ కానలీ అనే మరో నటుడితో ఆ సన్నివేశాలన్నీ మళ్లీ తీయించారు. చివరికి రెండింటినీ పోల్చి చూశాక జాఫీ నటించినవే చిత్రంలో మిగిలాయి.

ఆ సన్నివేశాల్లో చేసే పనంటూ దాదాపు ఏమీ లేదు. మసక వెలుతురులో ఒక ముసలి ముఖం, మెల్లగా సాగే గొంతు, కదలని చేతులు. ప్రపంచం యుద్ధంతో తనను తాను నాశనం చేసుకోబోతోందనీ, మంచిదేదైనా మిగలాలంటే దాన్ని ఎక్కడో ఒకచోట భద్రపరచాలనీ ఆ లామా చెబుతాడు. ఐరోపా రెండో మహాయుద్ధం అంచున ఉన్న సంవత్సరంలో ఆ మాటలు ప్రేక్షకులకు కేవలం కథలా వినిపించలేదు.

గంగాదీన్: అక్కడ కన్నీరు, ఇక్కడ ఆగ్రహం

రడ్యార్డ్ కిప్లింగ్ 1890లో రాసిన ఒక పద్యం ఆధారంగా ఆర్‌కేఓ సంస్థ ‘గంగాదీన్’ చిత్రాన్ని తలపెట్టింది. దర్శకుడు జార్జ్ స్టీవెన్స్. ముగ్గురు బ్రిటిష్ సార్జెంట్లుగా క్యారీ గ్రాంట్, విక్టర్ మెక్లాగ్లెన్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ జూనియర్ నటించారు. సుమారు 19 లక్షల డాలర్ల వ్యయంతో ఆ సంస్థ అప్పటివరకు తీసిన అత్యంత ఖరీదైన చిత్రమిది. వాయవ్య సరిహద్దు కొండలుగా తెరపై కనిపించేవి నిజానికి కాలిఫోర్నియాలోని లోన్‌పైన్ పరిసరాలు.

భిస్తీ పాత్రకు మొదట మైసూరు ప్రాంతానికి చెందిన మావటివాని కుమారుడు, అప్పటికే అంతర్జాతీయ తారగా ఎదిగిన సాబూను అనుకున్నారు. సాబూ బ్రిటన్‌లోని నిర్మాత అలెగ్జాండర్ కోర్డాతో ఒప్పందంలో ఉండటంతో అది కుదరలేదు. అలా ఆ పాత్ర సాబూ కంటే 30 ఏళ్లకు పైగా పెద్దవాడైన జాఫీకి చేరింది. గోధుమరంగు పూసుకుని, తలపాగా చుట్టుకుని, సాబూనే మనసులో నిలుపుకొని ఆయన ఆ పాత్ర చేశారు. చిత్రంలో కీలకమైన ఇతర భారతీయ పాత్రలూ ఇలాగే రంగు పూసుకున్న పాశ్చాత్య నటులకే దక్కాయి.

చిత్రకథలో ఉన్న అసలు వంకర ఈ రంగులో కంటే లోతైనది. 19వ శతాబ్దం తొలి భాగంలోనే అణచివేతకు గురైన థగ్గులు సరిహద్దు కొండల్లో మళ్లీ తలెత్తినట్లు చూపారు. కాళికాదేవి ఆరాధనను హత్యలకు మారుపేరుగా చిత్రించారు. పరాయి పాలనను ఎదిరించి తన దేశం కోసం చావడానికైనా వెనుదీయని గురువు ఇందులో దుర్మార్గుడు. తనను చీదరించుకునే పటాలం కోసం ప్రాణమిచ్చే నీళ్ల మనిషి వీరుడు. అతడికి దక్కిన ప్రతిఫలం చనిపోయాక ఒక కార్పొరల్ హోదా, చివరి దృశ్యంలో ఒంటి మీదికి వచ్చే సైనిక దుస్తులు.

భారతదేశంలో అప్పటికి ఎన్నికైన ప్రాంతీయ ప్రభుత్వాలు ఏర్పడి ఉన్నాయి. అంతకు ముందు సంవత్సరమే కోర్డా నిర్మించిన ‘ది డ్రమ్’ చిత్రానికి వ్యతిరేకంగా బొంబాయిలో నిరసనలు జరిగాయి. ‘గంగాదీన్’ విషయంలో పత్రికలు ముందే హెచ్చరించాయి. తర్వాతి కాలంలో రచయితగా, దర్శకుడిగా సుప్రసిద్ధుడైన ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ఈ చిత్రాన్ని తీవ్రంగా విమర్శిస్తూ రాశారు. బాబూరావు పటేల్ సంపాదకత్వంలోని ‘ఫిల్మ్ ఇండియా’ పత్రిక అందుకు వేదికైంది. బొంబాయి, బెంగాల్ ప్రాంతాల్లో చిత్రం నిషేధానికి గురైంది. ఒక జాతిని తెర మీద ఎలా చూపాలో నిర్ణయించే హక్కు ఆ జాతికీ ఉందని స్వాతంత్ర్యానికి ఎనిమిదేళ్ల ముందే ఆ నిషేధం చాటింది.

ఆ విమర్శ న్యాయమైనది. అయినా జాఫీ నటనను దానితోనే కొట్టిపారేయడం తేలిక కాదు. ఆయన గంగాదీన్‌ను కోతిచేష్టల సేవకుడిగా చేయలేదు. ఎవరూ చూడనప్పుడు ఒంటరిగా బ్యూగిల్ పట్టుకుని సైనికుడిలా కవాతు చేసే సన్నివేశంలో ఆయన కళ్లలో కనిపించేది బానిస భక్తి కాదు, తనను కూడా మనిషిగా లెక్కించాలన్న ఆకాంక్ష. నాజీల నుంచి తప్పించుకుని ప్రవాసంలో ఉన్న జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్ ఈ చిత్రాన్ని చూసి, భారతీయుల గురించి చూపినదంతా అసత్యమని తెలిసి కూడా తాను కదిలిపోయానని ఒక వ్యాసంలో ఒప్పుకొన్నారు. కళ మనల్ని తప్పుడు వైపుకూ కదిలించగలదన్న హెచ్చరికగా ఆయన ఆ అనుభవాన్ని తీసుకున్నారు. నిజాయతీ గల నటన నిజాయతీ లేని కథకు బలం చేకూర్చినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

అదే 1939 జనవరిలో జాఫీ న్యూయార్క్ వేదిక మీద మరో మనిషిగా కనిపించారు. గ్రూప్ థియేటర్ ప్రదర్శించిన, ఇర్విన్ షా రాసిన ‘ది జెంటిల్ పీపుల్’ నాటకంలో ఆయన పాత్ర జోనా గుడ్‌మన్. రాత్రిపూట చేపలు పట్టుకుంటూ తన మానాన తాను బతికే ఒక సాధువైన మనిషి. తనను బెదిరించి డబ్బు గుంజే రౌడీని చివరికి ఎదిరిస్తాడు. ఫాసిజం ముందు మెతక మనుషులు ఏం చేయాలన్న ప్రశ్నను ఆ నాటకం వేసింది. అందులో రౌడీ పాత్ర ఫ్రాంచోట్ టోన్‌ది. ఎలియా కజాన్, లీ జె. కాబ్ కూడా తారాగణంలో ఉన్నారు. ఈ ముగ్గురి దారులూ తర్వాత జాఫీ దారికి మళ్లీ తగిలాయి.

గ్రంథాలయాల్లో నాటకశాల

1941లో జాఫీ భార్య, గాయని, నటి లిలియన్ టైజ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. వారిది 15 ఏళ్ల దాంపత్యం.

ఆ తర్వాతి రెండేళ్లలో ఆయన చేపట్టిన పని తెర మీద కనిపించేది కాదు. నటుల సంఘమైన యాక్టర్స్ ఈక్విటీలో చురుకుగా ఉన్న జాఫీ, న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో నాటక విభాగాన్ని చూసే జార్జ్ ఫ్రీడ్లీతో కలిసి 1943లో ఈక్విటీ లైబ్రరీ థియేటర్‌ను నెలకొల్పారు. ఆలోచన సులభమైనది. నగరంలోని శాఖా గ్రంథాలయాల్లో చిన్న వేదికలు ఖాళీగా ఉన్నాయి. పని లేని నటులు, అవకాశం దొరకని దర్శకులు వందల్లో ఉన్నారు. టికెట్టు కొనలేని ప్రేక్షకులు అంతకంటే ఎక్కువ. ఈ ముగ్గురినీ ఒకచోట చేర్చారు. పేరున్న పాత నాటకాలను కొత్త నటులు ప్రదర్శించేవారు. ఏజెంట్లు, నిర్మాతలు వచ్చి చూసి ప్రతిభావంతులను ఎంచుకునేవారు. జాఫీ మరణించిన నాటికి కూడా ఆ సంస్థ నడుస్తూనే ఉంది. చిన్న పాత్రల నటుడు తనలాంటి వారి కోసం చేసిన పెద్ద పని ఇది.

1950 వేసవి

యుద్ధానంతరం హాలీవుడ్ ఆయనను మళ్లీ పిలిచింది. 1947లో కజాన్ దర్శకత్వం వహించిన ‘జెంటిల్‌మన్స్ అగ్రిమెంట్’ అమెరికన్ సమాజంలో మర్యాద ముసుగు వెనుక దాగిన యూదు వ్యతిరేకతను ప్రశ్నించింది. అందులో ఐన్‌స్టీన్‌ను తలపించే భౌతిక శాస్త్రవేత్తగా జాఫీ నటించారు.

1950లో వచ్చిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ ఆయన జీవితంలో శిఖరం. దర్శకుడు జాన్ హ్యూస్టన్ ఆయనకు న్యూయార్క్ రోజుల నుంచి మిత్రుడు. జైలు నుంచి అప్పుడే విడుదలై, ఒక భారీ నగల దోపిడీకి పథకం వేసే డాక్ రీడెన్‌ష్నైడర్ పాత్ర జాఫీది. తుపాకీ పట్టడు, గొంతు పెంచడు. ప్రతి నిమిషాన్నీ లెక్క వేసుకునే మర్యాదస్తుడు. తప్పించుకుపోయే దారిలో ఒక చిన్న హోటల్ దగ్గర ఆగి, పాటల పెట్టెకు చిల్లర ఇచ్చి, ఒక అమ్మాయి నాట్యం చూస్తూ కొన్ని నిమిషాలు ఉండిపోతాడు. ఆ కొన్ని నిమిషాలే అతడిని పోలీసులకు పట్టిస్తాయి. అన్నీ లెక్క వేసిన మనిషి తన బలహీనతను మాత్రం లెక్క వేసుకోలేదు. ఆ సంగతి అర్థమైనప్పుడు జాఫీ ముఖంలో విచారం కంటే చిరునవ్వు ఎక్కువ కనిపిస్తుంది. ఈ పాత్రకు వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం లభించింది. ఆస్కార్‌కు ఉత్తమ సహాయనటుడిగా నామినేట్ అయ్యారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1950 జూన్‌లో, ‘రెడ్ చానెల్స్’ అనే పుస్తకం వెలువడింది. రేడియో, టెలివిజన్, నాటక, సినీ రంగాల్లో కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ 151 మంది పేర్లను అది అచ్చువేసింది. అది ప్రభుత్వ పత్రం కాదు. విచారణ జరగలేదు. నేరం రుజువు కాలేదు. ఒక సభకు హాజరు కావడం, ఒక విజ్ఞప్తి మీద సంతకం చేయడం వంటివి అందులో పేరెక్కడానికి సరిపోయాయి. అయినా నిర్మాతలు, ప్రకటనకర్తలు దాన్ని దగ్గర ఉంచుకుని ఎవరికి పని ఇవ్వకూడదో చూసుకునేవారు. ఆ జాబితాలో సామ్ జాఫీ పేరుంది.

1951లో రాబర్ట్ వైజ్ దర్శకత్వం వహించిన ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’ చిత్రానికి ఆయనను తీసుకోవాలనుకున్నప్పుడు స్టూడియోలో అభ్యంతరాలు వచ్చాయి. నిర్మాత జూలియన్ బ్లౌస్టీన్, దర్శకుడు వైజ్ పట్టుబట్టడంతో స్టూడియో అధిపతి డారిల్ జానక్ అనుమతించారు. గ్రహాంతరవాసి భూమికి తెచ్చిన హెచ్చరికను వినడానికి అన్ని దేశాల శాస్త్రవేత్తలను ఒకచోట చేర్చే ప్రొఫెసర్ బార్న్‌హార్ట్ పాత్ర అది. ప్రొఫెసర్ గదిలో ఒక నల్లబోర్డు నిండా సమీకరణాలు ఉంటాయి. గ్రహాంతరవాసి వచ్చి దాన్ని సరిదిద్ది వెళతాడు. బోర్డు ముందు నిలబడిన ఆ నటుడు ఒకప్పుడు నిజంగానే లెక్కల మాస్టారన్న సంగతి ఎందరు ప్రేక్షకులకు తెలుసో చెప్పలేం. దేశాల మధ్య అనుమానం మానవాళిని అంతం చేస్తుందని చెప్పిన ఆ చిత్రం తర్వాత, అదే అనుమానం ఆయనకు హాలీవుడ్‌లో చోటు లేకుండా చేసింది.

మళ్లీ తరగతి గదికి

60 ఏళ్ల వయసులో, ఆస్కార్ నామినేషన్ వచ్చిన ఏడాది తిరగకుండానే జాఫీకి సినిమాలు లేకుండా పోయాయి. ఆయన మళ్లీ లెక్కలు చెప్పుకున్నారు. నల్లజాబితా నీడ అంతగా పడని రంగస్థలం మీద అప్పుడప్పుడు కనిపించారు.

ఆ కాలంలో చాలామంది ముందు ఒక తలుపు తెరిచి ఉండేది. అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ముందు హాజరై పాత మిత్రుల పేర్లు చెబితే మళ్లీ పని దొరికేది. ‘ది జెంటిల్ పీపుల్’ నాటి సహచరుల్లో కజాన్ 1952లో, కాబ్ 1953లో ఆ పని చేశారు. గొప్ప ప్రతిభావంతులైన ఆ ఇద్దరి జీవితాలపై ఆ మచ్చ చివరిదాకా నిలిచిపోయింది. జాఫీ ఆ తలుపు వైపు వెళ్లలేదు. ప్రకటనలు చేయలేదు, పోరాట వీరుడిగా తనను తాను చూపుకోలేదు. వేరే పని చేసుకుంటూ కాలం గడిపారు.

1956లో తనకంటే 30 ఏళ్లకు పైగా చిన్నదైన నటి బెటీ ఆకర్‌మన్‌ను వివాహమాడారు. మరుసటి ఏడాది సినిమా ఆయనను మళ్లీ పిలిచింది. కానీ ఆ పిలుపు అమెరికా నుంచి రాలేదు. ఫ్రెంచి దర్శకుడు ఆన్రీ జార్జ్ క్లూజో తన గూఢచారుల చిత్రంలో ఆయనకు పాత్ర ఇచ్చారు. 1958లో పాత మిత్రుడు హ్యూస్టన్ ‘ది బార్బేరియన్ అండ్ ది గైషా’లోకి తీసుకున్నారు.

1959లో విలియం వైలర్ తీసిన ‘బెన్ హర్’లో ఆయనది సైమనైడిస్ పాత్ర. రోమన్ల చిత్రహింసకు నడక కోల్పోయినా, యజమాని సంపదను వారి కంటపడకుండా కాపాడిన నమ్మకస్తుడు. ఎనిమిదేళ్లు మాట్లాడకుండా గడిపిన నటుడి చేతికి అటువంటి పాత్ర రావడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ చిత్రానికి 11 ఆస్కార్‌లు వచ్చాయి. జాఫీ మీద నిషేధం అధికారికంగా ఎన్నడూ ప్రకటించలేదు కనుక, దాన్ని ఎత్తివేసినట్లు కూడా ఎవరూ ప్రకటించలేదు.

ఇంటింటికీ వచ్చిన డాక్టర్

1961 అక్టోబరులో ఏబీసీ టెలివిజన్‌లో ‘బెన్ కేసీ’ ధారావాహిక మొదలైంది. ఒక పెద్ద ఆసుపత్రిలో ఆవేశపరుడైన యువ న్యూరోసర్జన్ కథ. కేసీగా విన్స్ ఎడ్వర్డ్స్, అతడి పెద్ద, గురువు డాక్టర్ డేవిడ్ జోర్బాగా జాఫీ నటించారు. ప్రతి భాగం ఒక నల్లబోర్డుతో మొదలయ్యేది. ఒక చెయ్యి సుద్దముక్కతో పురుషుడు, స్త్రీ, పుట్టుక, చావు, అనంతం అనే ఐదింటి గుర్తులు వరుసగా గీస్తుంటే, జాఫీ గంభీర స్వరం వాటి పేర్లు చెప్పేది. అమెరికాలో ఒక తరానికి ఆ గొంతు, దువ్వెనకు లొంగని ఆ తెల్లని జుట్టు అలా పరిచయమయ్యాయి. దశాబ్దం క్రితం ఆయన పేరు చూసి జంకిన పరిశ్రమే ఇప్పుడు ప్రతివారం ఆయన గొంతుతో కార్యక్రమం మొదలుపెట్టింది.

ఆ ధారావాహికలో డాక్టర్ మ్యాగీ గ్రాహమ్‌గా ఆయన భార్య బెటీ ఆకర్‌మన్ నటించారు. నిజజీవితంలో దంపతులు, తెర మీద సహోద్యోగులు. 1965లో జాఫీ తప్పుకున్నాక ఆసుపత్రి పెద్దగా ఆయన స్థానంలోకి వచ్చినది ఫ్రాంచోట్ టోన్. 26 ఏళ్ల క్రితం నాటకంలో జాఫీ ఎదిరించిన రౌడీ ఆయనే.

70, 80 ఏళ్ల వయసుల్లోనూ ఆయన పనికి విరామం ఇవ్వలేదు. 1971లో డిస్నీ వారి ‘బెడ్‌నాబ్స్ అండ్ బ్రూమ్‌స్టిక్స్’లో పుస్తకాల కోసం ఎంతకైనా తెగించే వ్యక్తిగా, 1975లో ‘కొలంబో’ ధారావాహికలోని ఒక భాగంలో నటి భార్య చేతిలో హతమయ్యే వృద్ధ వైద్యుడిగా కనిపించారు. 1980లో ఒక అంతరిక్ష చిత్రంలో శరీరం పోయి తల మాత్రమే యంత్రాల మీద బతికి ఉన్న శాస్త్రవేత్త పాత్ర వేశారు.

గంగ ఒడ్డున చివరి వేషం

1979 మార్చి 28న, 88 ఏళ్ల వయసులో జాఫీ బ్రాడ్‌వేలోని ప్యాలెస్ థియేటర్‌లో వేదికనెక్కారు. నాటకం ‘ఎ మీటింగ్ బై ది రివర్’. లాస్ ఏంజెలెస్‌లో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన స్వామి ప్రభవానందకు శిష్యుడైన రచయిత క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ నవల దానికి మూలం. గంగా తీరంలోని ఒక ఆశ్రమంలో సన్యాసం తీసుకోబోతున్న ఇంగ్లిషు యువకుడు, అతడిని వెనక్కి తీసుకుపోవాలని వచ్చిన అన్న, వీరి మధ్య సంఘర్షణ ఇతివృత్తం. జాఫీ పాత్ర తరుణ్ మహరాజ్ అనే వృద్ధ స్వామి.

నలభై ఏళ్ల క్రితం తెర మీద ఆయన ధరించిన భారతీయుడు తెల్లదొరల మెప్పు కోసం ప్రాణమిచ్చాడు. ఈసారి ఆయన ధరించిన భారతీయుడు ఎవరి మెప్పూ అవసరం లేని మనిషి. ఇంగ్లిషు సోదరులే అతడి ఇంటి ముంగిటకు వచ్చి నిలబడ్డారు. ఆ నలభై ఏళ్లలో ఒక దేశం స్వతంత్రమైంది. దాన్ని చూసే పాశ్చాత్య దృష్టి కూడా కొంత మారింది. పాత్ర మాత్రం ఇంకా అమెరికన్ నటుడి చేతిలోనే ఉంది. విమర్శకులు నాటకాన్ని మెచ్చలేదు. మొదటి రాత్రే దానికి ఆఖరి రాత్రి అయింది.

సామ్ జాఫీ 1984 మార్చి 24న కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్‌లో క్యాన్సర్‌తో మరణించారు. 93వ పుట్టినరోజు గడిచి అప్పటికి రెండు వారాలే. 

సాంస్కృతికంగా విలువైన చిత్రాలను భావితరాల కోసం ఎంపిక చేసి భద్రపరిచే అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో ‘లాస్ట్ హొరైజన్’, ‘గంగాదీన్’, ‘జెంటిల్‌మన్స్ అగ్రిమెంట్’, ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’, ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’, ‘బెన్ హర్’ ఈనాడు చోటు చేసుకున్నాయి. ఈ ఆరింటిలో ఒక్కదానిలోనూ సామ్ జాఫీ కథానాయకుడు కాదు. ఆరింటిలోనూ ఆయన ఉన్నారు.